గాయపడి దొరక్కుండా పోయిన జింక కూడా మీ లెక్కలోదే: వేటకు వెళ్లేవాళ్లకు బహిరంగ లేఖ

లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్లేవాళ్లకూ, వేట క్లబ్బులు నడిపే పెద్దలకూ నమస్కారం.

వేట మంచిదా చెడ్డదా అనే గొడవ ఈ ఉత్తరంలో పెట్టుకోదలచుకోలేదు. దాని మీద మీరూ నేనూ రాత్రంతా వాదించుకున్నా తెల్లారేసరికి ఎవరి మాట మీద వాళ్లమే ఉంటాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటమే నేరం కాబట్టి అక్కడ ఈ చర్చకు చోటే లేదు. నేను మాట్లాడుతున్నది వేటకు చట్టం ఒప్పుకున్న చోట, డబ్బు కట్టి పర్మిట్ తీసుకుని, సీజన్ ఎప్పుడో చూసుకుని, నియమాలన్నీ చదువుకుని మరీ వెళ్లేవాళ్లతో. గాయపడ్డ జింకల జాడ వెతికేవాళ్ల వెంట నేను తిరుగుతుంటాను. కుక్క తాడు పట్టుకుని ముందు వాళ్లు, టార్చి పట్టుకుని వెనక నేను. తుపాకీల గురించి నాకు మీ అంత తెలియకపోవచ్చు గానీ, మీరు ఇంటికి వెళ్లిపోయాక అడవిలో ఏం జరుగుతుందో మాత్రం కాస్త తెలుసు.

అడగదలచుకున్నది మొదటే అడిగేస్తాను. మీ తూటానో బాణమో తగిలి నెత్తురు కారిన జింక, మీ చేతికి దొరికినా దొరక్కపోయినా, మీరు కొట్టిన జింకే. దాని కోసం వెతకాల్సినంతా వెతకండి. అయినా దొరక్కపోతే మీ పర్మిట్‌లో ఒక జింక అయిపోయినట్టే రాసుకోండి, దాని బదులు ఇంకోదాని మీదకు గురి పెట్టకండి.

ఇందులో కొత్తేముంది, మేం చేసేది అదే కదా అంటారేమో. కొందరు చేస్తారు, వాళ్లను కళ్లారా చూశాను, వాళ్లకు దండం పెడతాను. కానీ చాలా చోట్ల రూల్ అలా లేదు. ట్యాగ్, అంటే కొట్టిన జింకకు కట్టే పర్మిట్ చీటీ, వేసేది, లెక్క రాసేది చేతికి దొరికిన జింకకే. పొద్దున ఒకదాని పొట్టలో కొట్టి పోగొట్టుకుని, మధ్యాహ్నం ఇంకోదాని కాలు విరగ్గొట్టి పోగొట్టుకుని, సాయంత్రం మూడోదాన్ని పడగొట్టి ఫోటో దిగినవాడు కాగితాల మీద ఒక్క జింకను కొట్టినవాడే. చట్టం వాడిని ఏమీ అనదు. ఏ జంతువును ఎన్ని కొట్టొచ్చో లెక్కగట్టి పర్మిట్లు ఇచ్చే అధికారుల పుస్తకంలో కూడా ఆ రెండూ నేరుగా ఎక్కవు, ఏదో అంచనా వేసుకోవాల్సిందే.

ఈ దొరకనివి ఎన్ని ఉంటాయంటారా? అమెరికాలో మేరీలాండ్‌లోని ఒక నౌకాదళ స్థావరంలో విల్లుతో వేటాడేవాళ్ల లెక్కలు ఏళ్ల తరబడి రాసిపెట్టి 2008లో ప్రచురించారు. బాణం తగిలిన జింకల్లో సుమారు 18 శాతం దొరకలేదు. ఐదారింట ఒకటి అనుకోండి. అవన్నీ చచ్చాయని నేననను. కండకు తగిలిన గాయమైతే మాని బతికే జింకలు ఉంటాయి, పాత గాయం మచ్చతో మరుసటి ఏడు కనిపించేవీ ఉంటాయి. కానీ పొట్టలో తగిలింది, దవడ విరిగింది అలా మానవు. దవడ విరిగిన జింకను చంపేది ఆ గాయం కూడా కాదు, మేత నమల్లేక రోజుల తరబడి మాడి చస్తుంది. తలకు గురి పెట్టి 'తగిలితే అక్కడికక్కడే, లేకపోతే మిస్సు, మధ్యలో ఏమీ ఉండదు' అని గొప్పగా చెప్పేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. జింక మెదడు పిడికిలి కంటే పెద్దది కాదు, తల ఏమో ఒక్క క్షణం కుదురుగా ఉండదు, మధ్యలో ఉండేదల్లా దవడే.

అసలు సమస్య అంతా 'మిస్సయింది' అని తేల్చేయడం దగ్గర మొదలవుతుంది. మంచె మీద కూర్చుని, జింక పరుగెత్తిన తీరు చూసి, తోక పైకెత్తింది కాబట్టి తగల్లేదు అనేస్తారు. తగిలిన జింక కూడా తోక ఎత్తుకుని పరుగెత్తగలదు. గుండెకు తగిలితే చాలాసార్లు వెనక కాళ్లు ఎగరేసి, నేలకు వంగి దూసుకుపోతుంది. పొట్టలో తగిలితే వీపు గూనిలా వంచి నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ నెమ్మదిగా నడుచుకుంటూ పోతుంది, చూసేవాడికి దానికేమీ కానట్టే ఉంటుంది. ఒక్కోసారి ఏ కదలికా లేకుండా మామూలుగానే గంతేసి వెళ్లిపోతుంది. కాబట్టి పైనుంచి చూసి తీర్పు చెప్పొద్దు. దిగి, అది నిలబడ్డ చోటికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. దిగే ముందే ఆ చోటి పక్కన ఏ చెట్టు ఉందో, చివరిసారి ఏ పొద దగ్గర మాయమైందో గుర్తుపెట్టుకోండి, ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే కిందకి దిగాక అంతా వేరేగా కనిపిస్తుంది, 'ఇక్కడే కదా' అనుకున్న చోటు తీరా చూస్తే పదిహేను మీటర్లు పక్కకు ఉంటుంది.

అక్కడ ఏం చూడాలో నాకు నేర్పిన పెద్దాయన ముందు నెత్తురు వెతకొద్దనేవాడు, వెంట్రుకలు వెతకమనేవాడు. తూటా తగిలితే వెంట్రుకలు తెగి గడ్డి మీద పడతాయి. పొడుగ్గా, కొన నల్లగా ఉంటే వీపు వైపువి. తెల్లగా, మందంగా ఉంటే పొట్ట కిందవి. తెల్ల వెంట్రుకలు గుప్పెడు పడి ఉన్నాయంటే ఆ రాత్రికి మీకు నిద్ర ఉండదని అర్థం. ఎముక ముక్క కనిపిస్తే కాలు. గడ్డి మీద ఆకుపచ్చగా, గోధుమరంగుగా ఏదో అంటుకుని పులిసిన వాసన వస్తుంటే పొట్ట. బాణమైతే దాన్ని తుడిచేయకుండా వాసన చూడండి, చూసేవాళ్లకు వింతగా ఉన్నా సరే. నెత్తురు లేత ఎరుపులో నురగ బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు, అది 100, 150 మీటర్ల లోపే ఎక్కడో పడిపోయి ఉంటుంది. ముదురు ఎరుపు, దాదాపు మెరూన్ రంగులో ఉంటే కాలేయం. మొదట్లో ధారగా కారి, పోనుపోను చుక్కలై, ఆ చుక్కలు కూడా దూరం దూరమైతే చాలావరకు కండ.

నెత్తురు అసలు కనిపించకపోతే తగల్లేదనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. తూటా పైభాగంలో తగిలి కింద బయటికి రాకపోతే నెత్తురంతా ఛాతీలోపలే నిండుతుంది, మొదటి 20, 30 మీటర్లు చుక్క కూడా నేల మీద పడకపోవచ్చు. లోపలి కొవ్వు వచ్చి కన్నానికి అడ్డం పడుతుంది, చర్మం జరిగి మూసుకుపోతుంది. నేల మీద లేకపోతే గడ్డి పరకల పక్కల్లో చూడండి, మోకాలి ఎత్తులో ఆకుల అడుగున చూడండి, జింక ఒంటికి రాసుకున్న మరక అక్కడ దొరుకుతుంది, అది ఎంత ఎత్తులో ఉందో చూస్తే గాయం ఎంత ఎత్తులో ఉందో కూడా తెలుస్తుంది. ఎండుటాకు మీది తుప్పు రంగు మచ్చ నెత్తురా కాదా అని అనుమానం వస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయండి, నెత్తురైతే నురగ వస్తుంది. చిన్న స్ప్రే సీసాలో పోసి జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, జాడ మీద నడవకండి, పక్కగా నడవండి. నలుగురు స్నేహితులు ఉత్సాహంగా వచ్చి తొక్కేసిన జాడను తర్వాత కుక్క పట్టడానికి పడే అవస్థ నాకు బాగా తెలుసు. ప్రతి ఒక్కరి బూటుకూ నెత్తురు అంటుకుని నాలుగు వైపులా వెళ్తుంది పాపం, అది ఎటని వెళ్లాలి?

ఇక ఆగడం గురించి. ఇక్కడే మంచివాళ్లు కూడా తప్పు చేస్తారు, కావాలని కాదు, కంగారులో. జింకను కొట్టాక చేతులు వణుకుతుంటాయి, టెన్షన్, వెంటనే వెళ్లి చూడాలనిపిస్తుంది. దాని బాధ తొందరగా తీర్చాలన్న మంచి ఉద్దేశం కూడా ఉంటుంది. కానీ పొట్టలో గాయమైన జింకను వదిలేస్తే అది మామూలుగా ఎక్కువ దూరం పోదు, దగ్గర్లోనే గుబురుగా ఉన్న చోటు చూసుకుని పడుకుంటుంది. వచ్చిన దారి కనిపించేలా పడుకుంటుంది చాలాసార్లు. మీరు అరగంటలో దాని వెనక పడితే, మిమ్మల్ని అది ముందే చూసి లేస్తుంది, ఒంట్లో మిగిలిన శక్తంతా కూడదీసుకుని పరుగెత్తుతుంది, ఈసారి నెత్తురు చుక్క కూడా ఉండదు, ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. అలా లేపిన జింక వందల మీటర్ల దూరంలో దొరకాల్సింది కిలోమీటర్ల దూరంలో కూడా దొరక్కుండా పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పొట్టకు 8 నుంచి 12 గంటలు ఆగమంటారు, కాలేయానికి కనీసం మూడు నాలుగు గంటలు. ఊపిరితిత్తులని కచ్చితంగా తెలిస్తే అరగంట చాలు. కాలు విరిగిన జింక విషయం వేరు, అది ఆగినకొద్దీ కోలుకుని దూరం పోతుంది, కాబట్టి కుక్కను పిలిపించి వీలైనంత తొందరగా వెళ్లాలని చెప్పేవాళ్లే ఎక్కువ.

ఇలా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అక్కడెక్కడో అది బాధపడుతోందని తెలిసి, ఏమీ చేయకుండా కూర్చోవాలి. 'వెంటనే వెళ్లకపోవడం క్రూరత్వం కాదా' అని ఎవరైనా అడిగితే నా దగ్గర పూర్తిగా తృప్తినిచ్చే జవాబు లేదు. వెంటపడి లేపితే దాని బాధ తగ్గదు, పెరుగుతుంది, పైగా అది ఎప్పటికీ దొరక్కుండా పోయే అవకాశం పెరుగుతుంది. అంతవరకే చెప్పగలను. మాంసం పాడైపోతుందని తొందరపడేవాళ్లకు మాత్రం జవాబు ఉంది. పాడైతే పాడవనివ్వండి. మాంసం పోవడం మీకు నష్టం, ఆ నష్టం తప్పించుకోవడానికి ఇంకో ఆరు గంటల చావు దాని నెత్తిన పెట్టే హక్కు మీకు లేదు.

వాన వస్తుంది, జాడ కడుక్కుపోతుంది, అప్పుడేం చేయాలంటారా? కుక్కను పిలవండి. జనానికి ఒక అపోహ ఉంది, కుక్క నెత్తురు వాసన పట్టుకుని వెళ్తుందని. నెత్తురు ఒక్కటే కాదు. జింక గిట్టల చీలిక మధ్య గ్రంథులు ఉంటాయి, అడుగు వేసిన ప్రతిచోటా వాటి వాసన నేలకు అంటుతుంది. శిక్షణ ఉన్న కుక్క ఆ ఒక్క జింక వాసనను మిగతా జింకల వాసనల్లోంచి విడదీసి పట్టుకుంటుంది, చినుకులు పడ్డా, రాత్రి గడిచినా. అది చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మనుషులు నలుగురం చివరి చుక్క దగ్గర ఆగిపోయి అటూ ఇటూ తచ్చాడుతుంటే, అది ముక్కు నేలకు ఆనించి, పొడుగాటి తాడు బిగుసుకునేలా లాగుతూ, మేం అసలు ఊహించని వైపు తిరుగుతుంది. ఒకచోట ఆగి వెనక్కి వస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. తాడు పట్టుకున్నాయన ఒక్క మాట మాట్లాడడు. 'కుక్క తప్పు వెళ్తోంది' అని వెనక నుంచి సలహా ఇచ్చేవాడు ప్రతిసారీ ఒకడుంటాడు, చాలాసార్లు ఆ జింకను కొట్టినవాడే. తర్వాత కాసేపటికి ఒక ఆకు మీద ఎండిన చుక్క కనిపిస్తుంది, అప్పుడు నోరు మూసుకుంటాడు.

జర్మనీలో ఈ పని కోసమే హనోవర్ హౌండ్, బవేరియన్ మౌంటెన్ హౌండ్ లాంటి జాతులను తరతరాలుగా పెంచుతున్నారు. స్వీడన్‌లో పెద్ద జంతువులను వేటాడాలంటే, గాయపడ్డ జంతువు జాడ పట్టే శిక్షణ ఉన్న కుక్క రెండు గంటల లోపు అక్కడికి చేరేలా ఏర్పాటు ఉండాలని రూల్. నార్వేలో కూడా జింకలు, మూస్‌ల (జింకల్లోనే భారీ జాతి) వేటకు అలాంటి కుక్క అందుబాటులో ఉండాలి, దానికి తోడు ప్రతి వేటగాడూ ఏటా గురి పరీక్ష పాసవ్వాలి. అమెరికాలో ఇప్పుడు చాలా రాష్ట్రాలు తాడుతో పట్టుకున్న కుక్కతో గాయపడ్డ జింకను వెతకడానికి ఒప్పుకుంటున్నాయి, యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ అనే సంస్థ దగ్గర ఏ ప్రాంతంలో ఎవరున్నారో జాబితా ఉంది, వాళ్లలో చాలామంది పెట్రోలు ఖర్చు తప్ప పెద్దగా ఏమీ తీసుకోరు. ఈ మధ్య వేడిని పసిగట్టే కెమెరాలున్న డ్రోన్లు కూడా వచ్చాయి. కొన్ని చోట్ల అనుమతి ఉంది, కొన్ని చోట్ల నేరం. ఏది చేసినా ముందే కనుక్కోండి. సీజన్ మొదటి రోజు సాయంత్రం చీకట్లో నిలబడి 'ఎవరికైనా కుక్క ఉందా' అని గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టడం వెతకడం కిందకి రాదు. ఆ ఫోన్ నంబరు తూటాల పెట్టెతో పాటే మీ దగ్గర ఉండాలి.

ఇదంతా తగిలాక సంగతి. తగలక ముందు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, కానీ ఒక లెక్క మాత్రం చెప్పాలనుంది. విల్లు నుంచి బాణం సుమారు సెకనుకు 85 మీటర్ల వేగంతో వెళ్తుందనుకోండి, శబ్దం 340 మీటర్లు వెళ్తుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న జింక చెవిన వింటినారి శబ్దం సెకనులో పదో వంతు కూడా గడవకముందే పడుతుంది, బాణం చేరడానికి ఇంకో పావు సెకను పడుతుంది. బెదిరిన జింక పరుగెత్తడానికి ముందు కాళ్లు ముడిచి కిందకి కుంగుతుంది, ఆ పావు సెకను దానికి చాలు, ఊపిరితిత్తులకు పెట్టిన గురి వీపు మీదికి వెళ్లిపోతుంది. రైఫిల్‌కి ఈ బాధ లేదా? 300 మీటర్ల దూరానికి తూటాకు కూడా దాదాపు 0.4 సెకను పడుతుంది. మేస్తున్న జింక ఆ కాస్తలో ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, ఛాతీకి పెట్టింది పొట్టలో దిగుతుంది. ఛాతీలో గురి పెట్టాల్సిన చోటు చాలా జింకల్లో 20, 25 సెంటీమీటర్లే. మీ తుపాకీ 500 మీటర్ల దూరంలో కాగితం మీద బొమ్మ కొట్టగలదు, సంతోషం, కాగితం అడుగు వేయదు. దూరం నుంచి కొట్టిన వీడియోలు చూసి ఉత్సాహపడే కుర్రాళ్లకు ఆ వీడియోల్లో కత్తిరించేసిన భాగం గురించి చెప్పాల్సింది క్లబ్బు పెద్దలే. బ్రిటన్‌లో జింకలు కొట్టేవాళ్ల మీద 2014లో వచ్చిన అధ్యయనంలోనూ తేలింది ఇదే బాపతు: దూరం పెరిగినా, కుదురైన భంగిమ లేకపోయినా, హడావుడి పడినా గురి తప్పుతుంది. దీనికి అధ్యయనం అక్కర్లేదు అంటారు కదా, నిజమే, మరి తెలిసి తెలిసి ఎందుకు కొడుతున్నట్టు?

సాయంత్రం వెలుగు తగ్గే వేళ గురించి కూడా ఒక్క మాట. చట్టం ఇంకా పది నిమిషాలు టైముందని చెప్పొచ్చు. కానీ తగిలితే వెతకడానికి వెలుగు ఉండదని తెలిసినప్పుడు ఆ పది నిమిషాలు మీవి కావు. రాత్రి తుపాకీ పట్టుకుని అడవిలో తిరగడం కొన్ని చోట్ల నేరం కూడా, వెతకడానికే అయినా సరే. అటవీ అధికారికి ముందే ఫోన్ చేసి చెప్పి వెళ్లండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1991 నాటి జింకల చట్టం సీజన్ కాని రోజుల్లోనూ రాత్రిపూటా జింకను కొట్టడం నేరమంటూనే, గాయపడ్డ జింక బాధ తీర్చడానికి చేసిన పనికి మినహాయింపు ఇచ్చింది. మీ దగ్గర అలాంటి మినహాయింపు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

బతికుండగా దొరికితే ఏం చేయాలో చాలామందికి ఎవరూ చెప్పరు. పడి ఉన్న జింక దగ్గరికి వెనక వైపు నుంచి, నెమ్మదిగా వెళ్లాలి. కళ్లు చూడండి. చచ్చిన జింక కళ్లు తెరిచే ఉంటాయి, మూసుకుని ఉంటే దాదాపు బతికున్నట్టే. పొడుగాటి కర్ర కొనతో కంటిని తాకితే రెప్ప కదిలిందో లేదో తెలుస్తుంది. బతికుంటే వెనక్కి జరిగి, వెనకాల ఏముందో చూసుకుని, ఛాతీలో ఇంకో తూటా. మాంసం చెడుతుందనో, చర్మానికి ఇంకో కన్నం పడుతుందనో, తూటా దండగనో ఆలోచించే వేళ కాదది. దగ్గరికెళ్లి కత్తితో హీరోలా పని ముగించాలని చూడకండి, కొనఊపిరితో ఉన్న జింక కాలు ఒక్కసారి విసిరితే మీ చెయ్యి విరుగుతుంది, అది లేచి పారిపోతే అంతా మొదటికొస్తుంది. దాని పక్కన ఫోన్ తీయకండి కూడా. కొట్టుకుంటున్న జంతువు పక్కన నిలబడి వీడియో తీసేవాణ్ని చూస్తే నాకు ఏమనాలో తెలియదు, మర్యాదగా ఉండే మాట ఏదీ నోటికి రాదు.

'దొరక్కపోతే నక్కలు తింటాయి, గద్దలు తింటాయి, అడవిలో ఏదీ వృథా కాదు' అనే మాట వేట కబుర్లలో ప్రతిసారీ వస్తుంది. తింటాయి, నిజమే. సీసం తూటా పడ్డ కళేబరం తిన్న గద్దలకు ఆ సీసం ముక్కలు పొట్టలోకెళ్లి విషమెక్కి చస్తాయన్నది కూడా అంతే నిజం. అదీగాక చచ్చాక ఎవరు తిన్నారన్నది కాదు కదా నేనడుగుతున్నది, చచ్చేదాకా ఏమైందని. 'తోడేళ్లు వెంటాడి చంపితే అంతకన్నా ఘోరంగా ఉండదా' అనేవాళ్లూ ఉన్నారు. ఉండొచ్చు. తోడేలుకు పర్మిట్ లేదు, తుపాకీ మీద గురి చూసే దుర్బిణి లేదు, కొట్టకుండా ఇంటికి వెళ్లే వీలు దానికి లేదు. మీకు ఉంది.

ఇప్పుడు లెక్కలోకి ఎక్కించడం గురించి. ఇది నేను గాల్లోంచి పుట్టించిన ఆలోచన కాదు. దక్షిణాఫ్రికా, నమీబియా లాంటి చోట్ల డబ్బు కట్టి వేటాడేవాళ్లకు ఉన్న పద్ధతి తెలిసిందే: నెత్తురు చుక్క పడితే డబ్బు కట్టాల్సిందే, జంతువు దొరికినా దొరక్కపోయినా. అలాస్కాలో కొన్ని ప్రాంతాల్లో ఎలుగుబంటిని గాయపరిస్తే ఆ ఏడాదికి నీ ఎలుగుబంటి అయిపోయినట్టే. ఎలుగుబంటికి పనికొచ్చిన రూలు జింకకు ఎందుకు పనికిరాదు? జింక చిన్నదనా, ఎక్కువగా ఉంటాయనా? గాయపడి పారిపోయిన ఎలుగుబంటి మనుషుల మీద పడుతుందన్న భయంతో అంత జాగ్రత్త పడతాం, జింక మనల్ని ఏమీ చేయలేదు కాబట్టి పట్టించుకోం. నాకైతే ఇంతకన్నా వేరే కారణం కనిపించడం లేదు.

'రుజువు ఎలా, ఎవడైనా ఒప్పుకుంటాడా' అని అడుగుతారు. చాలామంది ఒప్పుకోరు, అబద్ధం చెప్తారు. ఏ రూలుకైనా అంతే. కానీ రూలు ఉంటే ఒక పని జరుగుతుంది. పొట్టలో తగిలిందని తెలిసిన కుర్రవాడు రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ 'పోయిందిలే, రేపు ఇంకోటి చూద్దాం' అనడానికి వెనకాడతాడు. పక్కన కూర్చున్నవాళ్లలో ఒక్కడైనా 'ఇంకోటేంటి, నీది అయిపోయింది కదా' అంటాడు. ఇంకో లాభం కూడా ఉంది: ఇంకోటి లేదని తెలిసినవాడు మొదటిదాన్ని కొట్టే ముందు ఆగుతాడు, కొట్టాక ఒళ్లు వంచి వెతుకుతాడు. ఇప్పుడు నాలుగు ముళ్లపొదలు దాటగానే అలసిపోయేవాళ్లు, ఆ ఒక్కదాని మీదే సీజన్ అంతా ఆధారపడి ఉందంటే పొద్దు పొడిచేదాకా వెతుకుతారు, నాకు నమ్మకం ఉంది.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు, క్లబ్బు నియమంగా పెట్టుకోవచ్చు. సీజన్ మొదలయ్యే ముందు మీరు పెట్టుకునే మీటింగ్‌లో, ఎవరు ఏ మంచె ఎక్కాలన్న గొడవ తేలాక, ఈ కాస్త కూడా తేల్చండి. నెత్తురు కారిన జింక కొట్టినవాడి లెక్కలోకి వెళ్తుంది అని రాసి అందరి చేతా సంతకం పెట్టించండి. పక్క పొలాల వాళ్ల దగ్గరికి ఇప్పుడే వెళ్లి, గాయపడ్డ జింక మీ సరిహద్దు దాటితే లోపలికి రానిస్తారా అని మర్యాదగా అడిగి, ఫోన్ నంబర్లు తీసుకోండి, అర్ధరాత్రి కంచె దగ్గర నిలబడి తలుపు కొట్టే పరిస్థితి తెచ్చుకోకండి. జాడ పట్టే కుక్కలున్నవాళ్ల పేర్లు, ఎవరు ఎంత దూరం వస్తారు, రాత్రి వస్తారా లేదా, ఇదంతా ఒక కాగితం మీద రాసి ప్రతి సభ్యుడికీ ఇవ్వండి. ఆ కాగితం తయారుచేసే బాధ్యత ఎవరిదో ఆ మీటింగ్‌లోనే పేరు పెట్టి రాసుకోండి, 'అందరం చూసుకుందాం' అని వదిలేస్తే ఎవరూ చూడరు. కొట్టింది ఎన్ని, దొరికింది ఎన్ని, వెతికినా దొరకనిది ఎన్ని అని మూడు గడులున్న చిన్న పుస్తకం కూడా పెట్టండి, సీజన్ అయిపోయాక పేర్లు తీసేసి ఆ అంకెలు అటవీ శాఖకు పంపండి. మీరు పంపకపోతే ఆ మూడో గడి నింపగలిగేవాళ్లు ఇంకెవరూ లేరు.